శంఖంలో పోసిన వోడ్కా

విశాఖపట్నంలో కానుకల వ్యవస్థ సంక్షోభంలో పడింది. గృహప్రవేశమంటే గోడ గడియారం, పుట్టినరోజంటే ప్లేట్ల సెట్టు, ఊరి నుంచి ఎవరొచ్చినా మాడుగుల హల్వా. ఎంవీపీ కాలనీలో ఏ అటక దించినా అట్టపెట్టె విప్పని గడియారాలు మూడైనా దొరుకుతాయి. అందులో ఒకటి ఒకప్పుడు మీరిచ్చిందే, త్వరలో మళ్లీ మీకే రాబోతోంది. ఈ విషవలయాన్ని తెంచడానికి ఇంట్లో చేసిన వెనిల్లా ఎక్స్‌ట్రాక్ట్, అంటే వెనిల్లా కాయల్ని మందులో నెలల తరబడి ఊరబెట్టి తీసిన వాసన ద్రవం, రంగంలోకి దిగింది. ఉత్తమ కానుక లక్షణాలన్నీ దీనికున్నాయి. చేయడానికి ఏడాది పడుతుంది, పుచ్చుకున్నవాళ్లకి ఎందుకో అర్థం కాదు, సీసాలో నూటికి నలభై పాళ్లు మందు.

కేకుల్లో వేసే వెనిల్లా ఎసెన్స్ ఉందిగా అనేవాళ్లకి ముందు సమాధానం చెప్పాలి. కిరాణా కొట్లో దొరికే ఎసెన్స్‌లో వాసనంతా దాదాపు ఒకే ఒక్క పదార్థానిది, వెనిలిన్. 1874లో జర్మనీలో టీమన్, హార్మన్ అనే రసాయన శాస్త్రవేత్తలు దాన్ని పైన్ చెట్ల రసంలోని పదార్థం నుంచి తయారు చేసి చూపించారు. ఇప్పుడు ఎక్కువ భాగం పెట్రోలియం సరుకు నుంచే వస్తోంది. అసలు కాయలో వెనిలిన్‌తో పాటు వందకు పైగా వాసన పదార్థాలుంటాయి. అయితే నిజం చెప్పుకోవాలి: బిస్కెట్లలో వేసి కాల్చాక ఏది ఎసెన్సో, ఏది ఎక్స్‌ట్రాక్టో కనిపెట్టే నాలుకలు తక్కువ. కస్టర్డ్, ఐస్‌క్రీమ్, గోరువెచ్చని పాలు, వీటిలో మాత్రం తేడా దాగదు. కాబట్టి మీ వదినగారు కుక్కర్‌లో ఇసక పోసి కేకు చేసే మనిషైతే ఎసెన్స్ సీసా ఇచ్చి ఏడాది కాలం ఆదా చేసుకోవచ్చు.

పూర్ణా మార్కెట్‌కి వెళ్లి వెనిల్లా కావాలని అడిగితే చేతిలో పెట్టేది ఆ ఎసెన్సే. కాయలు కావాలంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే సుళువు. పార్సిల్ విప్పగానే పెద్దావిడ ‘ఏటమ్మా, బొబ్బరకాయలు మాడిపోయినట్టున్నాయి’ అంటుంది. పోలిక సరైనదే. బీన్స్ అని పిలుస్తారు గానీ ఇది చిక్కుడు జాతి కాదు, ఒక ఆర్కిడ్ తీగ కాయ. పుట్టిల్లు మెక్సికో. తెల్లవారుజామున విచ్చిన పువ్వు ఆ పూటే వాడిపోతుంది, ఆలోపు తోటల్లో మనిషే చేత్తో పరాగం అంటించాలి. ఆ కిటుకు 1841లో హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో ఎడ్మండ్ ఆల్బియస్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లవాడు కనిపెట్టాడు. తర్వాత కాయ ముదరడానికి ఎనిమిది తొమ్మిది నెలలు, వేడినీళ్లలో ముంచి, ఎండబెట్టి, దుప్పట్లలో చుట్టి మాగబెట్టడానికి ఇంకొన్ని నెలలు. ఐదారు కిలోల పచ్చికాయ చివరికి ఒక కిలో అవుతుంది. వీటన్నిటి మీదా తుపాను. 2000 ఏప్రిల్‌లో హుడా అనే తుపాను మడగాస్కర్ తోటల్ని పడగొట్టింది, ధర ఆకాశానికి పోయింది, అది చూసి కేరళ, కర్ణాటక రైతులు ఎగబడి తీగలు నాటారు, కొన్నేళ్లకే ధర కుప్పకూలింది. హుద్‌హుద్ చూసిన ఊరికి ఇంతకంటే వివరించక్కర్లేదు. మొత్తం మీద బంగారంలాగే దీన్నీ గ్రాముల్లోనే అడగాలి.

కొనేది మేలి రకం కానక్కర్లేదు. నిగనిగలాడుతూ మెత్తగా, లావుగా ఉండే ‘ఎ’ గ్రేడ్ కాయ పాయసంలో గీరి వేసుకోవడానికి. అందులో మూడో వంతు దాకా నీరే. ఊరబెట్టడానికి బి గ్రేడ్ చాలు: సన్నగా, కాస్త ఎండినట్టుంటుంది, తేమ తక్కువ, కాబట్టి నీటికి డబ్బు పోయరు. వంచితే వంగాలి, పుటుక్కున విరిగితే పాతసరుకు. ప్యాకెట్ విప్పాక మన సముద్రపు గాలికి వదిలేయకూడదు, రెండు వారాల్లో బూజు పట్టినా ఆశ్చర్యం లేదు. బూజుకీ, వెనిలిన్ స్ఫటికానికీ తేడా తెలియక మంచి కాయల్ని పారేసేవాళ్లూ ఉన్నారు. వెలుతుర్లో పెట్టి తిప్పితే సూదుల్లా మెరిసేది స్ఫటికం, అదృష్టం. దూదిలా మసకగా ఉండి ముక్కిన వాసన కొడితే బూజు, తుడిచి వాడే ప్రసక్తే లేదు.

ఇక అసలు గొడవ, కొలత. ఆవకాయలో ఆవపిండి పాలెంత, ఉప్పు పాలెంత అన్న దగ్గర తోటికోడళ్లు మాటలు మానేసిన ఊరిది. అదే ఊరు వెనిల్లా దగ్గరకొచ్చేసరికి ఫుల్ బాటిల్‌లో రెండు కాయలు జారవిడిచి, మెడకి రిబ్బన్ కట్టి, ‘చేతితో చేశాం’ అంటోంది. బుట్టెడు ముక్కలకి చిటికెడు ఆవపిండి వేసినవాళ్లని ఈ ఊరు ఏమనేదో ఊహించుకోండి. అమెరికా ఆహార, ఔషధ సంస్థ లెక్క ప్రకారం గ్యాలన్‌కి 13.35 ఔన్సుల కాయ, కనీసం 35 శాతం ఆల్కహాలు ఉంటేనే ఎక్స్‌ట్రాక్ట్ అనాలి. మన కాటా మీదకి దించితే లీటరుకి 100 గ్రాములు. అంటే ఫుల్‌కి (750 మిల్లీలీటర్లు) 75 గ్రాములు, హాఫ్‌కి (375) 38, క్వార్టర్‌కి (180) 18. బి గ్రేడ్ కాయ రెండున్నర, మూడు గ్రాములు తూగుతుంది, ఫుల్‌కి పాతిక నుంచి ముప్ఫై కాయలు పడతాయన్నమాట. లెక్కపెట్టకండి, తూచండి. ఒక్కో కాయ ఒక్కో బరువు. రెండు కాయలు వేసింది ఎక్స్‌ట్రాక్ట్ కాదు, వెనిల్లా వాసనకి దూరపు చుట్టమైన వోడ్కా. శంఖంలో పోస్తేనే తీర్థమన్నారు గనక గోధుమరంగు సీసాలో పోసి లేబులంటించారంతే.

సారా ఎంపిక తేలికే, తేవడమే కష్టం. మన దేశంలో అమ్మే వోడ్కా మీద సాధారణంగా 42.8 శాతం అని ఉంటుంది, అది చక్కగా సరిపోతుంది. దానికంటూ వాసన లేదు కాబట్టి కాయ మాట వినబడుతుంది. ఖరీదైన బ్రాండు దండగ, ఆ తేడా డబ్బు కాయల మీద పెట్టండి. ఆరెంజ్, గ్రీన్ ఆపిల్ అని రాసున్నవి ముట్టుకోవద్దు. డార్క్ రమ్ముకి సొంత గొంతు పెద్దది, కేకుకి బాగానే ఉంటుంది గానీ వెనిల్లా దాని వెనక నిలబడాలి. మరీ ఘాటైన స్పిరిట్ దొరికింది కదా అని మురవక్కర్లేదు, కాయలోని రుచులు బయటికి రావడానికి కొంత నీరూ కావాలి. శానిటైజరు, ప్రయోగశాల స్పిరిట్, పెయింటు కొట్లో సీసా, వీటి గురించి మాత్రం వ్యంగ్యం లేదు: అవి విషం.

తేవడం సంగతి. మర్యాదస్తురాలైన గృహిణి ద్వారకానగర్‌లో వైన్ షాపు ముందు నిలబడి ‘కేకుకండీ’ అన్నా లోకం నమ్మదు. భర్తని పంపితే తెచ్చేది 750, ఇంటికి చేరేది 600. కాబట్టి ఇంటికొచ్చాక కాటా మీద ద్రవాన్ని కూడా కొలవాలని ఈ వ్యాసం గట్టిగా సిఫారసు చేస్తోంది. లేకపోతే పైన చెప్పిన లెక్కలన్నీ వృథా.

పనిమాత్రం పది నిమిషాలే. గాజు సీసా కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. ప్లాస్టిక్కు వద్దు. కాయని నిలువునా చీల్చాలి, ఒక కొస అంగుళం మేర వదిలేస్తే రెండు రెక్కలూ విడిపోవు. గింజలు గీరక్కర్లేదు. సీసా పొడవుని బట్టి ముక్కలు చేసి వేసి, సారా పోసి, మూత బిగించాలి. ఇక్కడ ఆవకాయ శాస్త్రమే వర్తిస్తుంది, ముక్క మునగాలి. పైకి తేలిన కాయ జిగటగా మారి మొత్తం సీసాకి పేరు చెడగొడుతుంది. బీచ్ రోడ్డు వైపు కిటికీలో అందంగా పెట్టకూడదు, ఎండ రంగునీ వాసననీ తినేస్తుంది. బియ్యం డబ్బా వెనక చీకట్లో ఉంచి, వారానికోసారి ఊపితే చాలు. ఫ్రిజ్‌లో పెడితే పని మందగిస్తుంది.

తర్వాత ఓర్పు. రెండు వారాలకే డికాక్షన్ రంగు వస్తుంది, అక్కడే చాలామంది మోసపోయి సీసాల్లోకి వంపేస్తారు. రంగు ముందు దిగుతుంది, గుణం ఆలస్యంగా దిగుతుంది. రెండు నెలల సీసా మూత తీస్తే సారాయే పలకరిస్తుంది. ఆరు నెలలు కనీసం, ఏడాదైతే మంచిది. ఈ సంక్రాంతికి పోస్తే వచ్చే సంక్రాంతికి పంచాలి. మధ్యలో చెంచాతో నేరుగా రుచి చూస్తే ఎంత మంచి సరుకైనా మందులాగే ఉంటుంది. అర కప్పు గోరువెచ్చని తీపి పాలలో పావు చెంచా కలిపి చూడండి, అప్పుడు తెలుస్తుంది.

ఓర్పు లేనివాళ్ల కోసం కాయల్నీ మందునీ కుక్కర్‌లో ఉడికించే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది. ఆల్కహాలు 78 డిగ్రీలకే మరుగుతుంది, దాని ఆవిరికి అగ్గిపుల్ల చాలు, మన పొయ్యి మీద నీలి మంట నిత్యం సిద్ధంగా ఉంటుంది. మూడు విజిళ్లకి కానుక తయారవకపోవచ్చు, ఫైరింజను మాత్రం వస్తుంది. ఇంకో వర్గం ఉంది, వాడిన కొద్దీ సీసాలో కొత్త వోడ్కా పోస్తూ ఇది తరతరాలకీ తరగదని నమ్మేవాళ్లు. ఇది పెరుగు తోడు కాదు. కాయలో ఉన్నది దిగిపోయాక మిగిలేది తొక్కే. పోసిన ప్రతి 100 మిల్లీలీటర్లకీ కొత్తగా 10 గ్రాముల కాయ వేయాల్సిందే.

ఏడాది నిండాక కాఫీ ఫిల్టరు కాగితంలోనో రెండు మడతల పల్చటి గుడ్డలోనో వడగట్టాలి. నల్ల గింజలు కొన్ని మిగలడం తప్పు కాదు గానీ, పుచ్చుకున్నవాళ్లు ‘చీమలు పడ్డాయి’ అని ఫోన్ చేస్తారు, సిద్ధంగా ఉండండి. పైన సన్నటి నూనె తెట్టు కనిపిస్తే అది కాయలోదే, ఊపితే కలుస్తుంది. వాడిన కాయల్ని పారేయకుండా ఆరబెట్టి పంచదార డబ్బాలో పూడిస్తే ఆ వాసన చాలాకాలం ఉంటుంది. ఒక ఫుల్‌కి కాయ పీల్చుకున్నదీ ఒలికిందీ పోను 30 మిల్లీలీటర్ల సీసాలు 22 దాకా వస్తాయి. ఒక్కో సీసా ఆరు చెంచాలు. కేకుకి చెంచా చొప్పున ఆరు కేకులు. ఓవెన్ లేని చుట్టాల దగ్గర అది ఆరు పుష్కరాలు.

ఇచ్చే రోజు అతి కీలకం. గోధుమరంగు చిన్న సీసా, లోపల ముదురు ద్రవం, తీపి వాసన. లేబుల్ లేకపోతే పెదనాన్నగారు దాన్ని దగ్గుమందుల సరసన పెట్టి రాత్రికి రెండు చెంచాలు తీసుకుంటారు, మర్నాడు మళ్లీ దగ్గు తెచ్చుకుంటారు. అందుకని లేబుల్ మీద ఆల్కహాలు ఉందని, పోసిన తేదీ, వడగట్టిన తేదీ, కాయ ఎంత, చెంచా ఎంత, పిల్లలకి అందకుండా ఉంచాలని స్పష్టంగా తెలుగులో రాయాలి. ఐస్‌క్రీమ్ వాసనొచ్చే సీసాని పిల్లలు వదలరు. మందు ముట్టనివాళ్లకి దాచిపెట్టి ఇవ్వడం కానుక కాదు, మోసం. కేకులో కాలితే చాలా మటుకు ఎగిరిపోతుంది, మిల్క్‌షేక్‌లో ఎగరదు, ఆ సంగతి చెప్పాలి. ‘మా ఇంట్లో సారా అడుగుపెట్టదు’ అన్న బామ్మగారి దేవుడి గది పక్క అలమరలోనే ఆయుర్వేద టానిక్కు ద్రాక్షాసవం ఉంటుంది, దాని లేబుల్ మీద స్వయంజనిత ఆల్కహాలు శాతం ముద్రించి మరీ ఉంటుంది. అయినా వాదించకండి. ఆవిడకి వెనిల్లా పంచదార ఇవ్వండి.

మన వైపు గిన్నె ఖాళీగా తిరిగివ్వరు. ఏడాదికి మీ 30 మిల్లీలీటర్ల సీసా వెనక్కి వస్తుంది, నిండా ఆవకాయ ఊట నూనెతో. సంతోషంగా పుచ్చుకుని అన్నంలో కలుపుకోండి. ఆ సీసాని మళ్లీ వెనిల్లాకి మాత్రం వాడకండి. గాజు కడిగితే వాసన పోతుంది, మూతలోని రబ్బరు బిళ్ల ఆవఘాటుని వదలదు.