చుక్కల జన్యువు గారికి

మహారాజశ్రీ వీయూఎస్, అనగా అర్థం తేలని జన్యు మార్పు గారి సముఖమునకు,

నెల్లూరు నుంచి ఒక తెలుగు టీచరు వ్రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నా. మా వైపు కుశలమో కాదో మీరింకా తేల్చలేదు కాబట్టి ఆ జాగా ప్రస్తుతానికి ఖాళీగా వదిలేస్తున్నా. మీరు తేల్చాక నింపుకుంటా.

మొన్న బుధవారం మధ్యాహ్నం ఒకటిన్నరకు పొగతోటలో, రొమ్ము క్యాన్సర్ వచ్చిన మా అక్కకు జన్యు పరీక్ష కోసం శాంపిల్ తీసుకున్న కలెక్షన్ సెంటర్ మెట్లెక్కాను. లిఫ్ట్ సంగతి వదిలేద్దాం. ఇరవయ్యొక్క పనిదినాల్లో వస్తుందన్న రిపోర్టు నలభై ఏడో రోజున మెయిల్‌కి వచ్చింది. వచ్చింది గానీ తెరుచుకోలేదు. పాస్‌వర్డు అంట. పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం. మా అక్క పేరు నాకు తెలుసు. పుట్టిన సంవత్సరం అసలుదీ, స్కూల్లో వేయించిందీ రెండూ కొట్టి చూశా. తెరుచుకోలేదు. “సార్ భోజనానికెళ్ళారు మేడమ్, వచ్చేస్తారు” అంది కౌంటర్లో అమ్మాయి. సార్ నాలుగున్నరకు వచ్చారు. ఏం తిన్నారో గానీ మూడు గంటల భోజనం. కంప్యూటర్లో చూసి తేలిగ్గా నవ్వేసి, “మావాళ్ళు పేరు కొట్టేటప్పుడు ఒక్క లెటర్ తప్పు పడింది మేడమ్, ‘యూ’ బదులు ‘ఏ’ పడింది, అంతే” అన్నారు.

అంతే. ముప్పయ్యొక్క పేజీలు, పేజీకి పది రూపాయల చొప్పున ప్రింటు తీయించుకుని మూడో పేజీ తిప్పితే అక్కడ, చుట్టూ గీత గీసిన పెట్టెలో, బోల్డు అక్షరాల్లో తమరు దర్శనమిచ్చారు. చెడితే రొమ్ము క్యాన్సర్ ముప్పు పెంచే బీఆర్‌సీఏ2 అనే జన్యువులో ఒక్క అక్షరం మారిందట. ఆ మార్పు వల్ల జబ్బు వస్తుందని గానీ రాదని గానీ చెప్పడానికి ఇప్పుడున్న ఆధారాలు చాలవట. వర్గం: అర్థం తేలని మార్పు.

ఇరవై వేల పైచిలుకు కట్టించుకుని ‘మాకు తెలియదు’ అని ఇంత పద్ధతిగా చెప్పినవాళ్ళను నేనెక్కడా చూడలేదు. మా వీధి చివర జాతకాలాయన కూడా రెండొందలు తీసుకుని ఏదో ఒకటి తేలుస్తాడు.

అయ్యా, నా ఉద్యోగమే అక్షర దోషాలు దిద్దడం. పిల్లవాడు ‘కళ్ళు’ అని రాయాల్సిన చోట ‘కల్లు’ అని రాస్తే ఎర్ర పెన్నుతో సున్నా చుడతా. ‘మా తాతకు కల్లు ఆపరేషన్ చేశారు’ అని ఒకడు నిజంగానే రాశాడు. ‘వెళ్ళాడు’ అని ఒకడు, ‘వెళ్లాడు’ అని ఇంకొకడు రాస్తే ఇద్దరికీ మార్కు వేస్తా. రెండూ చెల్లుతాయి, అర్థం చెడలేదు. మీ లోకంలోనూ ఇంతేగా? 2015లో అమెరికా జన్యు వైద్యులు కూర్చుని అయిదు మెట్లు కట్టారు. హాని చేసేది, బహుశా హాని చేసేది, తేలనిది, బహుశా చేయనిది, చేయనిది. మీరు సరిగ్గా మధ్య మెట్టు మీద కాళ్ళు జాపుకుని కూర్చున్నారు. నేను పేపరు దిద్దుతూ ‘తప్పో ఒప్పో ఇంకా తేలలేదు, కొన్నేళ్ళ తర్వాత కనుక్కోండి’ అని రాసి పంపితే మా హెడ్‌మాస్టరు ఊరుకుంటారా?

ఇక నాలుగో పేజీలో పంచాయితీ. మీ గురించి తీర్పు చెప్పమని రెండు సాఫ్ట్‌వేర్లను అడిగారు. పాలీఫెన్ అనే ఆయన ‘బహుశా హానికరం’ అన్నాడు. సిఫ్ట్ అనే ఆయన ‘సహించదగినది’ అన్నాడు. మా పెదనాన్న గురించి మా పెద్దమ్మ నలభై ఏళ్ళుగా ఈ రెండు మాటలూ ఒకే రోజు అంటూనే ఉంది. ఆమెను ఎవరూ ల్యాబ్‌లో పెట్టుకోలేదు.

మీ వాళ్ళ ఘనకార్యాలు తెలియకుండా రాస్తున్నానని అనుకోవద్దు. పేపర్లో సైన్సు పేజీ చదివే అలవాటు మా నాన్న నుంచి వచ్చింది. 1990లో మొదలుపెట్టి 2003కల్లా మనిషి డీఎన్ఏ మొత్తం, ఇంచుమించు 300 కోట్ల అక్షరాలు, చదివేశామన్నారు. సంతోషం. ప్రొటీన్ల ఆకారాన్ని కంప్యూటరుతో చెప్పించినవాళ్ళకు 2024లో నోబెల్ ఇచ్చారు. ఒంట్లో కాపలా కణాలు సొంత ఒంటి మీదే పడకుండా అదుపు చేసే కణాలను కనిపెట్టినవాళ్ళకు 2025లో ఇచ్చారు. రోగి రక్తంలోని కణాలకే శిక్షణ ఇచ్చి క్యాన్సర్ మీదికి తోలే నెక్స్‌కార్19 అనే చికిత్స ఐఐటీ బొంబాయి, టాటా మెమోరియల్ వాళ్ళ పుణ్యాన 2023లో మన దేశంలోనే అనుమతి తెచ్చుకుంది. దానికి నిజంగానే దండం పెట్టాను. అది కొన్ని రకాల రక్త క్యాన్సర్లకు, మా అక్కది రొమ్ముది. యమనాకా గారు 2006లో నాలుగు జన్యువులతో ముదిరిన కణాన్ని మళ్ళీ పసి కణంలా మార్చి చూపించిన దగ్గర్నుంచి వయసు వెనక్కి తిప్పే పనిలో ఎలుకల మీద జోరుగా ఉన్నారట. ముసలి ఎలుకలకు నా అభినందనలు. ఆ కలెక్షన్ సెంటర్ బెంచీ మీద ఆ మూడు గంటల్లో నాకు పెరిగిన వయసును వెనక్కి తిప్పగలరేమో వాళ్ళనే అడగండి.

ఇన్ని తేల్చినవాళ్ళు మీ ఒక్కరి దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేశారు. ఇదే నాకు మింగుడుపడటం లేదు.

బీఆర్‌సీఏ2 చేసే పని ఏందో కూడా చదివాను. డీఎన్ఏ తెగినప్పుడల్లా ర్యాడ్51 అనే రిపేరు ప్రొటీన్ను వెంటబెట్టుకుని తెగిన చోటికి తీసుకురావడం. తుపాను వచ్చి కోవూరు దాకా స్తంభాలు పడిపోయినప్పుడు లైన్‌మన్‌ను బండి మీద ఎక్కించుకుని వచ్చే మనిషి లాంటిది. ఆ మనిషి రాకపోతే ఊరు చీకటే. మరి మా అక్క ఒంట్లో ఆ మనిషి వస్తున్నాడా రావట్లేదా? చెప్పలేం అంటారు. కరెంటాఫీసు వాళ్ళే నయం, ఫోనయినా పక్కన పడేస్తారు. ఆశ పెట్టరు.

2025 జనవరిలో ఒక వార్త చూసి ఎగిరి గంతేశాను. ఇదే బీఆర్‌సీఏ2లో రాగల దాదాపు 7,000 ఒక్కక్షరపు మార్పులను డీఎన్ఏను కోసి దిద్దే క్రిస్పర్ అనే పద్ధతితో ఒక్కొక్కటిగా కణాల్లో పెట్టి, కణం బతికిందా చచ్చిందా చూసి, పదింట తొమ్మిదింటికి హాని ఉందో లేదో తేల్చేశారని. రిపోర్టు వచ్చిన రోజు రాత్రి ఆ వార్త మళ్ళీ వెతికి కూర్చుని చదివా. ఈ జన్యువులో 27 ఎక్సాన్లు. మా భాషలో 27 పాఠాలనుకోండి. వాళ్ళు పరీక్షించింది 15 నుంచి 26 దాకా. మా అక్క మార్పు 11లో ఉంది. ర్యాడ్51ను పట్టుకునే ఎనిమిది కొక్కేలుండేది ఆ పాఠంలోనే. పుస్తకంలో ఇంచుమించు సగం ఆ ఒక్క పాఠమే. నేను పదో తరగతి పిల్లలకు ప్రతి ఏడాదీ చెప్పేదే, పెద్ద పాఠం వదిలేయకండర్రా, ప్రశ్న అందులోంచే వస్తుందని.

చెన్నైలో అక్కను చూసే డాక్టరు గారు మంచాయన. రిపోర్టు చూసి, “దీన్ని లేనట్టే అనుకోండమ్మా” అన్నారు.

“లేనట్టే అయితే ఎందుకు రాశారండీ?”

“ఉంది కాబట్టి రాశారు.”

ఆయన తప్పేం లేదు. దీన్ని పట్టుకుని ఆపరేషన్లు చేయకూడదు, ఇంట్లో మిగతావాళ్ళకు దీని కోసం టెస్టు చేయించకూడదు, తర్వాత తేలిన వాటిల్లో చాలా మటుకు హాని లేనివిగానే తేలుతాయి, భయపడొద్దు అని ఓపిగ్గా చెప్పారు. అదంతా నిజమే. కానీ మీరు ‘అవును’ అని ఉంటే ఒలాపరిబ్ అని ఒక మాత్ర ఉంది, ఇలాంటి జన్యువు చెడినవాళ్ళ కోసమే తయారైంది, 2014 నుంచి వాడుకలో ఉంది. దాని ఖర్చు ఎలా తేవాలో చూసుకునేవాళ్ళం. ‘కాదు’ అని ఉంటే కాస్త నిద్ర ఉండేది. మీ పుణ్యమా అని మాత్రా లేదు, నిద్రా లేదు.

ఇంకా తేలాలంటే ఒక దారుందని ల్యాబ్ నుంచి ఫోన్లో ఒక అమ్మాయి చాలా మర్యాదగా చెప్పింది. అదే జబ్బు చేసిన రక్తసంబంధీకుల శాంపిల్ పంపిస్తే ఈ మార్పు వాళ్ళలోనూ ఉందేమో చూస్తారట. “మదర్‌ది కూడా సేమ్ క్యాన్సర్ అన్నారు కదా మేడమ్, మదర్ శాంపిల్ ఇవ్వగలరా?”

అమ్మను 2009లో బోడిగాడి తోట శ్మశానానికి తీసుకెళ్ళామమ్మా. పెన్నలో కలిసిపోయింది. రెండు చుక్కల రక్తం దాచిపెట్టుకోవాలని మాకెవరూ చెప్పలేదు.

ఇక్కడిదాకా మర్యాదగానే రాశాను. ఇకమీదట నా వల్ల కాదు.

మీరు ఎందుకు తేలలేదో నాకు తెలుసు. మీరేదో అంతు చిక్కని రహస్యం అయి కాదు. ఇలాంటి మార్పులున్నవాళ్ళ లెక్కలు రాసుకునే పుస్తకాల్లో ఎక్కువ భాగం యూరపు మూలాలున్నవాళ్ళవే. మా బోటివాళ్ళను ఎవరూ కూర్చోబెట్టి చదవలేదు. మా నెల్లూరు మొలగొలుకుల బియ్యం గింజను బాస్మతి పక్కన పెట్టి చూసి, ‘ఇది బియ్యమో కాదో తేలలేదు’ అని రాసినట్టుంది మీ వ్యవహారం. ఇప్పుడిప్పుడే జీనోమ్ ఇండియా అని 10,000 మంది జన్యువులు చదివి 2025 జనవరిలో డేటా పెట్టారు. 140 కోట్ల మందికి పదివేలు. మంచిదే, ఎక్కడో ఒకచోట మొదలవ్వాలి. కానీ తెలియనిది మీకు. టెన్షన్ మాకు. రిపోర్టు పైన పేరు మాత్రం మా అక్కది. అదీ తప్పు స్పెల్లింగుతో.

మాకు అల్లూరు పక్కన ఎకరా అరవై సెంట్లుంది. తెల్లదొరల కాలం నాటి రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లో హక్కుదారు పేరు రాయాల్సిన గడిలో గుమాస్తా చుక్కలు పెట్టాడు. ఎవరిదో తేలలేదు, అందుకని చుక్కలు. మూడు తరాలు దున్నాం, శిస్తు కట్టాం. అమ్ముకుందామంటే నిషేధిత జాబితాలో ఉంది. చుక్కల భూమి. మా నాన్న తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరిగీ తిరిగీ పోయాడు. ఆయన పోయాక, 2023లో కావలిలో సభ పెట్టి చుక్కలు తీసేశామన్నప్పుడు మాదీ బయటపడింది. గుమాస్తాకు తెలియకపోవడం అనే నేరానికి మా నాన్న శిక్ష అనుభవించాడు. మీరూ ఆ గుమాస్తా పెట్టిన చుక్కలే. ఈసారి మా అక్క ఒంట్లో పెట్టారు.

అక్క కూతురికి ఒంగోలు సంబంధం ఒకటి నడుస్తోంది. కందుకూరులో ఒక పెళ్ళిలో పిల్లవాడి మేనత్త నన్ను పక్కకు పిలిచి, “ఏదో జీన్ టెస్ట్ చేయించారంట గదా, ఏమొచ్చింది?” అంది. లేదు అని చెప్పడానికి లేదు. ఉంది అని చెప్పడానికీ లేదు. ‘తేలలేదు’ అన్నాను. ఆ ఒక్క మాట ఆమె మొహంలో ఎట్లా దిగిందో మీరు చూసుండాల్సింది. అన్నంలో పెరుగు కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది. చుక్కల భూమిని ఎవరు కొంటారు చెప్పండి.

పోయిన ఏడాది రొట్టెల పండగకు అక్క స్వర్ణాల చెరువులో దిగి ఆరోగ్య రొట్టె పట్టుకుంది. అక్కడ లెక్క సూటిగా ఉంటుంది. కోరిక తీరితే మళ్ళీ వచ్చి, నీళ్ళలో నిలబడి, ఇంకొకరికి రొట్టె ఇచ్చిపోవాలి. గడువు ఏడాది. రొట్టె కూడా ఒక గడువు పెట్టుకుంది. మీకు గడువే లేదు. ‘భవిష్యత్తులో వర్గీకరణ మారవచ్చు’ అని ఇరవై తొమ్మిదో పేజీలో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది.

ఇదంతా నేను పళ్ళు కొరుకుతూ వంటింట్లో చదివి వినిపిస్తుంటే అక్క చేపల పులుసులో మామిడికాయ ముక్కలు వేస్తోంది. మొత్తం విని, గరిటె అంచున పులుసు చేతిలో వేసుకుని నాకి ఉప్పు చూసింది.

“తేలలేదంటే మునిగినట్టా ఏందిమే?” అంది.

తెలుగు టీచర్ని నేను. ఆ మాట తనకు తట్టింది. నాకు తట్టలేదు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. పులుసు ఘాటనుకున్నట్టుంది, ఫ్యాన్ వేసింది.

రిపోర్టు ఇప్పుడు బీరువాలో పాస్‌బుక్కుల కవర్లో ఉంది. ఎప్పుడైనా తేలితే రిజిస్టరైన నంబరుకు ఫోన్ చేస్తామన్నారు. అది నా నంబరే. నంబరు మార్చను. ఆ సిమ్ముకు రీఛార్జి ఆపను. ఎన్నేళ్ళయినా సరే, చేయండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు మధ్య మాత్రం వద్దు, ఆ వేళకు అక్క కాస్త కన్ను మూస్తుంది. ఎటూ మీవాళ్ళు భోజనంలోనే ఉంటారనుకోండి.

ఇట్లు,
ఆమె చెల్లెలు