టెక్సాస్‌లో నంబర్ వన్ రికీ విలియమ్సే

ఆస్టిన్‌లోని టెక్సాస్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు లాంగ్‌హార్న్స్‌లో ఎవరు గొప్ప అన్న వాదన మొదలైతే చాలు, సగం మంది ఎర్ల్ క్యాంప్‌బెల్ పేరు చెప్పి ఇక మాట్లాడేదేం లేదన్నట్టు చూస్తారు. టెక్సాస్ లాంగ్‌హార్న్స్ చరిత్రలో అందరికన్నా గొప్ప రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) ఎవరంటే నా ఓటు మాత్రం రికీ విలియమ్స్‌కే. సెడ్రిక్ బెన్సన్, జమాల్ చార్ల్స్, మొన్నటి బిజాన్ రాబిన్సన్... అందరూ మంచి ఆటగాళ్ళే, కాదనను. కానీ చివరికి పోటీ మిగిలేది, ఏటా దేశంలో ఉత్తమ కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ గెలిచిన ఈ ఇద్దరి మధ్యే. క్యాంప్‌బెల్‌కి 1977లో వచ్చింది, రికీకి 1998లో.

క్యాంప్‌బెల్ గొప్పతనం ఏంటో చూపించమంటే ఎవరైనా ఒకే వీడియో తీస్తారు. అడ్డుకోవడానికి ఎదురొచ్చిన లైన్‌బ్యాకర్‌ని ఛాతీ మీద తలతో గుద్ది పడేస్తాడు, వెనక నుంచి పట్టుకున్నవాళ్ళ చేతుల్లో జెర్సీ చిరిగి పీలికలవుతుంది, అయినా పరిగెడుతూనే ఉంటాడు. ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు గగుర్పొడుస్తుంది. కానీ ఈసారి ఆ హెల్మెట్ కూడా చూడండి. దాని మీద చమురు బావి డెరిక్ బొమ్మ ఉంటుంది, ఎందుకంటే అది 1978లో హ్యూస్టన్ ఆయిలర్స్ తరఫున ర్యామ్స్ మీద ఆడిన ఎన్‌ఎఫ్‌ఎల్ (కాలేజీ తర్వాత ఆడే ప్రొఫెషనల్ లీగ్) మ్యాచ్. నంబర్ కూడా 34, కాలేజీలో ఆయన వేసుకున్నది 20. అంటే మనం కాలేజీ ఆట గురించి వాదిస్తూ, హ్యూస్టన్‌లో ఆయన సంపాదించిన పేరుని తెచ్చి ఆస్టిన్ ఖాతాలో వేస్తున్నాం.

రికీ విషయంలో సరిగ్గా దీనికి ఉల్టా జరిగింది. 2004లో తన ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టు డాల్ఫిన్స్‌ని ఉన్నట్టుండి వదిలేసి వెళ్ళిపోవడం, గంజాయి టెస్టులు, సస్పెన్షన్, యాంగ్జైటీ సమస్య. ఇవన్నీ కాలేజీ దాటాక వచ్చినవే. అయినా రికీ అనగానే జనానికి ముందు అవే గుర్తొస్తాయి, 1998 వెనక్కి పోతుంది. ఒకరికి తర్వాతి జీవితం మార్కులు కలిపింది, ఇంకొకరికి కోసేసింది. ఆ రెండూ తీసేసి లెక్క వేయండి.

బంతితో పరిగెత్తిన దూరం చూస్తే, క్యాంప్‌బెల్‌వి కాలేజీ నాలుగేళ్ళలో 4,443 యార్డులు, రికీవి 6,279. ఎక్కువసార్లు బంతి ఇచ్చారు కాబట్టే వచ్చాయంటారు, సరే. 1977లో క్యాంప్‌బెల్ 267 సార్లు బంతి తీసుకుని 1,744 యార్డులు పరిగెత్తాడు. 1997లో రికీ 279 సార్లు తీసుకుని 1,893 యార్డులు, 25 టచ్‌డౌన్లు (బంతిని ఎదుటి చివరి ఎండ్ జోన్‌లోకి చేర్చడం) చేశాడు. బంతి అందింది దాదాపు సమానంగానే, పరుగుకి సగటు మాత్రం రికీదే ఎక్కువ. అసలు సంగతి ఇంకా ఉంది. 1977 జట్టు రెగ్యులర్ సీజన్‌లో 11 మ్యాచ్‌లకి 11 గెలిచిన జట్టు. 1997 జట్టు గెలిచింది 4, ఓడింది 7, సొంత గ్రౌండ్‌లోనే యూసీఎల్‌ఏ చేతిలో 66-3తో చిత్తయిన జట్టు. బంతి రికీకే వస్తుందని ఎదుటి డిఫెన్స్‌కి తెలుసు, గ్యాలరీలో చివరి వరసలో కూర్చున్నవాడికీ తెలుసు. అయినా దేశంలో ఆ ఏడాది అతని కన్నా ఎక్కువ పరిగెత్తినవాడు లేడు!

అలాంటి సీజన్ తర్వాత ఎవరైనా ఎన్‌ఎఫ్‌ఎల్ డబ్బుకి వెళ్ళిపోతారు. అతను కొత్త కోచ్ మ్యాక్ బ్రౌన్ దగ్గర చివరి ఏడాది ఆడటానికి ఉండిపోయాడు. 2,124 యార్డులు చేశాడు. సొంత గ్రౌండ్‌లో వరసగా 47 మ్యాచ్‌లు గెలిచిన నెబ్రాస్కాని వాళ్ళ ఊళ్ళోనే ఓడించారు, అందులో అతనివి 150 యార్డులు. ఇక టెక్సాస్ ఏ అండ్ ఎం మీద 60 యార్డుల పరుగు, చివర్లో మీద పడ్డ డిఫెండర్‌ని ఈడ్చుకుంటూ ఎండ్ జోన్‌లోకి వెళ్ళి కాలేజీ ఆటలో టోనీ డార్సెట్ పేరు మీదున్న కెరీర్ యార్డుల రికార్డు బద్దలుకొట్టిన ఆ పరుగు, నా దృష్టిలో టెక్సాస్ బర్న్ట్ ఆరెంజ్ జెర్సీలో ఎవరూ అంతకు మించింది పరిగెత్తలేదు.

క్యాంప్‌బెల్ అభిమానుల మాటలో న్యాయం లేకపోలేదు. మొదటి మూడేళ్ళు అప్పటి కోచ్ డారెల్ రాయల్ నడిపిన, బంతిని పలువురికి పంచే విష్‌బోన్ పద్ధతిలో ఫుల్‌బ్యాక్ అనే మరో స్థానంలో ఆడాడు కాబట్టి బంతి పంచుకోవాల్సి వచ్చింది, 1976లో గాయం. నిజమే. కానీ రికీ కూడా మొదటి రెండేళ్ళు ఫుల్‌బ్యాకే.

ఇద్దరిలో ఎవరు గొప్పని ఎంత కొట్టుకున్నా, ఒక విషయంలో ఇద్దరికీ ఒకే అన్యాయం జరిగింది. 2020లో టెక్సాస్ యూనివర్సిటీ స్టేడియం మైదానానికి క్యాంప్‌బెల్-విలియమ్స్ ఫీల్డ్ అని పేరు పెట్టారు. బాగుంది, కానీ పేరు పెట్టడానికి ఎవరి జేబులోంచీ రూపాయి పోదు. టైలర్ ఊళ్ళో గులాబీ తోటల్లో పనిచేసి 11 మంది పిల్లల్ని పెంచిన తల్లి కొడుకు క్యాంప్‌బెల్. ఆయన కాలేజీకి ఆడిన రోజుల్లో స్కాలర్‌షిప్ తప్ప జీతమనే మాటే లేదు. ఆ దెబ్బలన్నీ తిన్న మోకాళ్ళు, వెన్నెముక ఆయన్ని చివరికి వీల్‌చెయిర్ దాకా తెచ్చాయి. అదే 2022లో బిజాన్ రాబిన్సన్ చదువుకుంటూనే తన పేరు మీద ఆవాల సాస్ అమ్ముకోగలిగాడు, రూల్స్ మారాయి కాబట్టి. 2025లో కోర్టు ఆమోదించిన సెటిల్‌మెంట్‌లో పాత కాలేజీ ఆటగాళ్ళకి 280 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అదీ 2016 నుంచి ఆడినవాళ్ళకే. 1977, 1998 అందులోకి రావు. డల్లాస్‌లో, ఆస్టిన్‌లో ఉన్న మన తెలుగు కుటుంబాలు కూడా టికెట్లు కొని, పిల్లలకి ఆరెంజ్ చొక్కాలు తొడిగి ఆ మైదానానికి వెళ్తున్నాయి. ఆ టికెట్ డబ్బులో ఒక వాటా, మైదానం మీద పేరున్న ఆ ఇద్దరికీ యూనివర్సిటీ ఏటా ఇవ్వాలి. కోర్టు చెప్పేదాకా ఆగాల్సిన పని లేదు.