ఆ బండ పడలేదు, తుపాను మాత్రం వచ్చింది

2025 ఫిబ్రవరిలో ఒక రాత్రి నాగాయలంక నుంచి మా అమ్మమ్మ ఫోన్. “అమ్మడూ, ఆకాశంలోంచి బండ పడుద్దంటగా? పొద్దున్నుంచీ టీవీలో అదే చూపిస్తన్నారు. ఉద్యోగం సంగతి తర్వాత, నువ్వు ఇంటికొచ్చెయ్యి.” గొంతు వణుకుతోంది. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన రాత్రి తాడిచెట్టును కరుచుకుని బతికిన మనిషి ఆమె. తెల్లారాక తోడికోడలి కోసం, ఆమె ఇద్దరు పిల్లల కోసం బురదలో వెతికిన మనిషి. అలాంటి మనిషిని గ్రాఫిక్స్ వేసి భయపెట్టినవాళ్ల మీద నాకు ఇప్పటికీ కోపం చల్లారలేదు.

ఆ బండ నిజమే. పేరు 2024 వైఆర్4, సుమారు 60 మీటర్ల రాయి. 2024 డిసెంబరు 27న చిలీలోని ఒక టెలిస్కోపుకు చిక్కింది. అది 2032 డిసెంబరు 22న భూమిని తాకే అవకాశం ఫిబ్రవరి 18కి 3.1 శాతానికి పెరిగి, వారం తిరక్కుండానే దాదాపు సున్నాకి పడిపోయింది. పెరిగిన సంగతి పగలూ రాత్రీ వాయించారు. పడిపోయిన సంగతి తెర అడుగున స్క్రోలింగులో వెళ్లిపోయింది. చివరికి మా వాళ్లకు మిగిలిందేంటి? “సైంటిస్టులూ జాతకాలోళ్లే, పూటకో మాట” అన్న అభిప్రాయం.

అమ్మమ్మకి వలతో చెప్పాను. రాయి ఎటెటు పోవచ్చో ఆ మేరంతా వల అనుకో, భూమి చేప. వల పెద్దగా ఉన్నప్పుడు చేప వాటా చిన్నది. లాగేకొద్దీ వల చిన్నదవుతుంది, చేప ఇంకా లోపలే ఉంటే దాని వాటా పెరుగుతుంది. చివర్లో చేప వల బయటే ఉందని తేలితే ఇక భయం లేదు. వాళ్లు మాట మార్చలేదు, చూసేకొద్దీ వల బిగిసింది, అంతే. ఆమె వెంటనే అంది, “మరి టీవీవోళ్లు అట్టా చెప్పరేం?”

నా గోడంతా ఇదే. తుపాను హెచ్చరిక నడిచేదీ ఈ లెక్క మీదే. 2025 అక్టోబరులో మొంథా తుపాను మచిలీపట్నం, కళింగపట్నం మధ్య, కాకినాడ చుట్టుపక్కల తీరం దాటుతుందన్నారు. దాటింది నరసాపురం దగ్గర. “కాకినాడ దగ్గరన్నారు, తప్పయింది” అనుకుని ఈసారి ఇల్లు కదలనివాడు వచ్చేసారి ఏమవుతాడు? శాస్త్రం మీద నమ్మకం పోతే మా సముద్రపొడ్డు ఊళ్లలో ప్రాణాలు పోతాయి. దివిసీమ ఉప్పెనలో పోయినవాళ్లు అధికారిక లెక్కే పదివేల దాకా. అప్పుడు ఆకాశంలో నిలబడి బంగాళాఖాతాన్ని కనిపెట్టే ఉపగ్రహం మనకంటూ ఒక్కటీ లేదు. 2014లో విశాఖ మీదికి హుద్‌హుద్ వచ్చేసరికి ఉంది. లక్షకు పైగా జనాన్ని ముందే తరలించగలిగారు.

ఆ ఉపగ్రహం ఒకప్పుడు ఊహ. తొలి ఉపగ్రహం స్పుత్నిక్ ఎగరడానికి పన్నెండేళ్ల ముందు, 1945లో, ఆర్థర్ సి. క్లార్క్ అనే సైన్స్ ఫిక్షన్ రచయిత ‘వైర్‌లెస్ వరల్డ్’ పత్రికలో రాశాడు: భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంచితే అది భూమితో సమంగా తిరుగుతుంది, కింద ఉన్నవాళ్లకు ఒకేచోట నిలబడినట్టు కనిపిస్తుంది. లోపల మనుషులుండి పనిచేస్తారని కూడా అనుకున్నాడు, అదొక్కటీ జరగలేదు. మిగతాది 1964కల్లా నిజమైంది. (1975లో మన ఇస్రో వాళ్లు కొలంబోలో ఆయన ఇంటి మీద ఉపగ్రహ టీవీ డిష్ బిగించి వచ్చారు. నాకు చాలా ఇష్టమైన సంగతి.) ఇంత అద్భుతం నిజంగా జరిగి ఉండగా, ఎక్కడో 27 కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి వెళ్లిపోయే 3ఐ/అట్లాస్ తోకచుక్కను గ్రహాంతరవాసుల ఓడ అని గంటలకొద్దీ చూపించడమేంటి?

మొంథా రోజు అమ్మమ్మ పాస్‌బుక్కులు సంచిలో పెట్టుకుని, ఎవరూ చెప్పకముందే పునరావాస కేంద్రానికి వెళ్లిపోయింది. మన ఇన్‌శాట్ ఉపగ్రహం తీసిన మేఘాల బొమ్మ పంపితే ఫోన్ చేసింది.

“ఇది తీసింది ఎంత ఎత్తునుందే?”

“ముప్పై ఆరు వేల కిలోమీటర్లు, అమ్మమ్మా.”

“మరి అంత పైన కింద పడకుండా ఎట్టా నిలబడ్డదే?”

ఛానెళ్లు నడిపే అయ్యలారా, ఈ ప్రశ్నకి ఒక్క అరగంట కేటాయించండి. మా అమ్మమ్మ టీవీ ముందు కూర్చుని ఉంటుంది.