రెండు రైళ్ళ మధ్య గంటన్నర

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి వెనిస్‌కి రైల్లో వెళ్దాం అనుకున్న రోజు నుంచి బయల్దేరే రోజు దాకా నాకు సరిగ్గా నిద్ర లేదు. ఫ్లైట్ అంటే అంత భయం లేదు, ఒకసారి ఎక్కి కూర్చుంటే దిగేదాకా మన చేతిలో పనేం ఉండదు. రైలు అలా కాదు కదా, మధ్యలో దిగాలి, ఇంకోటి ఎక్కాలి, ప్లాట్‌ఫామ్ ఆఖరి నిమిషంలో మారుతుంది, ఆ మారిన సంగతి మనకి రాని భాషలో చెప్తారు, పక్కన అమ్మ ఉంటుంది, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఈ మాట మనవాళ్ళలో ఎవరితో అన్నా ఒకటే జవాబు, "ఏముంది అక్కా, యాప్ ఉందిగా, భయపడకండి". ప్రేమతోనే అంటారు, కాదనను. కానీ ఆ మాటతో ఎవరి భయమూ తగ్గలేదు, తగ్గేది కూడా కాదు. భయం ఉన్న మనిషికి ప్లానే వేరేగా ఉండాలి అని నేను గట్టిగా నమ్ముతున్నాను, అమ్మానాన్నలకి టికెట్లు బుక్ చేసి పెట్టే పిల్లలకి కూడా ఈ మాట చెప్పాలనే ఇది రాస్తున్నా.

మొదట మా సంగతి చెప్తా. మ్యూనిక్‌లో రైలు మారడానికి మాకు ఇరవై రెండు నిమిషాలు ఉంది. సైట్ చూపించింది కాబట్టి సరిపోతుందనుకున్నా. మొదటి రైలు యాభై నిమిషాలు లేటు. ఆ యాభై నిమిషాలూ నేను కిటికీ బయటకి చూసింది లేదు, ఫోన్ రిఫ్రెష్ చేయడమే పని, అమ్మ పులిహోర డబ్బా తీసి ఇస్తే వద్దన్నా. మ్యూనిక్‌లో దిగేసరికి ఇటలీ బండి వెళ్ళిపోయింది. ముప్పైకి పైన ప్లాట్‌ఫామ్‌లున్న స్టేషన్, ఎటు వెళ్ళాలో తెలీక నేను నిలబడిపోతే అమ్మ అక్కడే బెంచీ మీద కూర్చుని శాలువా సర్దుకుంటూ "ఇంకో బండి ఉంటుందిలే తల్లీ, ముందు మంచినీళ్ళు తాగు" అంది. ఉంది కూడా. రెండు గంటల తర్వాత వెరోనా బండి దొరికింది, అక్కడ మళ్ళీ మారాం. కానీ మా సీట్లు పాత రైల్లో పోయాయి కదా, ఇన్స్‌బ్రుక్ దాకా అమ్మ తలుపు దగ్గర మడత సీటు మీదే కూర్చుంది. అదే నాకు ఇప్పటికీ బాధ.

ఆ తర్వాత తెలుసుకున్నదేంటంటే 2024లో జర్మనీలో దూరపు రైళ్ళలో టైమ్‌కి నడిచినవి 62.5 శాతమే, అది కూడా ఆరు నిమిషాల లోపు లేటుని టైమ్ కిందే లెక్కేసి. పక్కనే స్విట్జర్లాండ్‌లో అది 90 శాతం పైన ఉంటుంది, అక్కడ లెక్క ఇంకా కఠినం, మూడు నిమిషాలే. అందుకే జ్యూరిక్‌లో ఎనిమిది నిమిషాల గ్యాప్‌తో మారొచ్చు, జర్మనీలో అంత తక్కువ పెట్టుకోకూడదు. ఇప్పుడు నా రూల్ ఒకటే, ఇంకో దేశానికి వెళ్ళే రైలు అయితే మధ్యలో కనీసం గంటన్నర. టికెట్ సైట్లలో మారే చోట ఎంతసేపు ఉండాలో మనమే పెట్టుకునే ఆప్షన్ ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. గంటన్నర వేస్ట్ కదా అనేవాళ్ళున్నారు. ఆ గంటన్నర ఉందని తెలిస్తేనే మొదటి రైల్లో పులిహోర తినబుద్ధవుతుంది, కిటికీ లోంచి ఊళ్ళు కనిపిస్తాయి.

రెండోది టికెట్. ప్రయాణం మొత్తం ఒకే టికెట్ మీద ఉండేలా చూస్కోండి, పది యూరోలు ఎక్కువైనా సరే. యూరోపియన్ యూనియన్‌లో 2023 జూన్ 7 నుంచి కొత్త నియమం అమల్లో ఉంది, చేరేసరికి గంట లేదా ఇంకా ఎక్కువ లేటవుతుందని తెలిస్తే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా వేరే రైల్లో పంపమనొచ్చు. లేటుకి పరిహారం గంట దాటితే టికెట్‌లో 25 శాతం, రెండు గంటలు దాటితే 50 శాతం, వాతావరణం మరీ అన్యాయంగా ఉంటే మాత్రం పరిహారం ఉండదు. రాత్రి అక్కడే ఉండిపోవాల్సి వస్తే బస కూడా రైల్వే వాళ్ళే చూడాలి. కానీ చవగ్గా వస్తున్నాయని విడివిడిగా రెండు టికెట్లు కొన్నారనుకోండి, రెండో రైలు మిస్సయితే ఆ నష్టం మనదే. మాకు ఆ రోజు ఒకే టికెట్ కాబట్టి కౌంటర్‌లో ఆమె ఏం మాట్లాడకుండా ముద్ర కొట్టి పంపించింది, ఆ ముద్ర పడ్డ కాగితం నా దగ్గర ఇంకా ఉంది.

ఇక ఊళ్ళ పేర్లు. దీని గురించి ఎవరూ చెప్పరు, నాకైతే అన్నిటికన్నా భయం వేసింది ఇక్కడే. తిరుగు ప్రయాణంలో ఒక రోజు వెరోనాలో ఉండి మర్నాడు స్టేషన్‌కి వచ్చాం, బోర్డు మీద మ్యూనిక్ లేదు. మ్యూంషెన్ అని జర్మన్ పేరు వెతికాను, అదీ లేదు. మా టైమ్‌కి ఉన్న ఒకే బండి పక్కన మొనాకో అని ఉంది. పన్నెండు నిమిషాలుంది, నా చేతులు చల్లబడిపోయాయి, మొనాకో అంటే ఎక్కడో ఫ్రాన్స్ పక్కన సముద్రం ఒడ్డున ఉండే దేశం కదా. యూనిఫామ్‌లో ఉన్న ఒక పెద్దాయన నా టికెట్ చూసి బోర్డు చూపించి "మొనాకో, మొనాకో ది బవియెరా" అన్నాడు. ఇటాలియన్‌లో మ్యూనిక్‌ని అలాగే అంటారట. అలాంటివి ఇంకా ఉన్నాయి. వియన్నా బోర్డు మీద వీన్, ఫ్లోరెన్స్ ఫిరెంజె, జెనోవా ఇటలీలో ఓడరేవు, జెనీవా స్విట్జర్లాండ్. ఫ్రాన్స్‌లో ఉన్న లీల్‌ని బెల్జియం బోర్డుల మీద రైసెల్ అని రాసి ఉండొచ్చు. వెనిస్‌కి రెండు స్టేషన్లు, మెస్త్రే దగ్గర జనం దిగుతుంటే కంగారుపడి దిగేయకండి, మీ హోటల్ నీళ్ళ మధ్యలో ఉంటే సాంతా లుచియా దాకా వెళ్ళాలి.

అందుకే ఊరి పేరు కాకుండా రైలు నంబర్ పట్టుకోండి. మనకి ఊళ్ళో గోదావరి, ఫలక్‌నుమా అని పేర్లతో అలవాటు, అయినా రిజర్వేషన్ చేయించేటప్పుడు 12727 అని నాన్నకి కంఠతా వచ్చేది, ఇక్కడా అంతే. కాగితం మీద నంబర్, బయల్దేరే టైమ్, బోగీ, సీటు, దిగే స్టేషన్ పేరు అక్కడి భాషలో ఎలా ఉంటుందో అలాగే రాసి పెద్దవాళ్ళ చేతికి ఇవ్వండి, ఫోన్ చార్జింగ్ అయిపోయినా కాగితం ఉంటుంది. నాలుగు మాటలు కూడా రాయండి. జర్మనీలో గ్లైస్, ఇటలీలో బినారియో, ఫ్రాన్స్‌లో వ్వా, ఈ మూడూ ప్లాట్‌ఫామే. జర్మనీలో "ఫెల్ట్ ఔస్" అని కనిపిస్తే రైలు రద్దయిందని.

బోగీ నంబర్ ఎందుకంటే కొన్ని రైళ్ళు మధ్యలో విడిపోతాయి, ఒకప్పటి మన లింక్ ఎక్స్‌ప్రెస్‌ల లాగా. బెర్లిన్ నుంచి కొలోన్ వైపు వచ్చే కొన్ని రైళ్ళు హమ్ అనే స్టేషన్ దగ్గర రెండయ్యి ఒక సగం వూపర్‌టాల్ మీదుగా, ఇంకో సగం ఎస్సెన్, డ్యూసెల్‌డార్ఫ్ వైపు పోతుంది. తప్పు సగంలో కూర్చుంటే నిద్రపోయి లేచేసరికి వేరే ఊరు. ప్లాట్‌ఫామ్ మీద ఏ, బీ, సీ అని అక్షరాలుంటాయి, మన బోగీ ఏ అక్షరం దగ్గర ఆగుతుందో బోర్డు మీద చూపిస్తారు, ముందే అక్కడికి వెళ్ళి నిలబడితే పెట్టెలతో పరిగెత్తే పని ఉండదు.

అసలు మారడమే వద్దనుకునేవాళ్ళకి రాత్రి రైళ్ళు మంచివి అంటాను. నైట్‌జెట్ లాంటివాటిలో నాలుగు లేదా ఆరు బెర్తుల క్యాబిన్లు ఉంటాయి, లోపల నుంచి గడియ పెట్టుకోవచ్చు, ఆడవాళ్ళకి విడిగా క్యాబిన్ కూడా అడగొచ్చు, పొద్దున్నే అటెండెంట్ లేపుతాడు. సికింద్రాబాద్ నుంచి రాత్రి బండెక్కిన మన పెద్దవాళ్ళకి ఇది కొత్త కాదు.

ఒరిజినల్ పాస్‌పోర్ట్, ఇక్కడుండేవాళ్ళయితే రెసిడెన్స్ కార్డు, రెండూ చేతి సంచిలోనే ఉండాలి. షెంగెన్ లోపలే, అంటే మామూలుగా సరిహద్దు తనిఖీలు లేని దేశాల మధ్యే కదా అని ఇంట్లో పెట్టొద్దు, 2024 సెప్టెంబర్ నుంచి జర్మనీ అన్ని భూసరిహద్దుల్లోనూ తనిఖీలు పెట్టింది, పోలీసులు రైలెక్కి అడుగుతారు. అడిగితే కంగారుపడాల్సింది ఏం లేదు, అందరినీ అడుగుతారు. నడవడం కష్టమైనవాళ్ళకి ఎక్కించడానికి, దించడానికి స్టేషన్‌లో మనిషి సాయం ఫ్రీగా అడగొచ్చు, ప్రయాణానికి కనీసం 24 గంటల ముందు చెప్పాలి. ఇది మా అమ్మకి నేను అడగలేదు, తెలీక. మీరు అడగండి.

ఇక్కడి మన తెలుగు సంఘానికి ఒక విన్నపం. మనవడు పుట్టాడనో మనవరాలు పుట్టిందనో ఏటా ఎంతోమంది అమ్మలు వస్తున్నారు, మూడు నెలల్లో కొన్నాళ్ళు ఫ్రాంక్‌ఫర్ట్‌లో కూతురింట్లో, కొన్నాళ్ళు జ్యూరిక్‌లో కొడుకింట్లో ఉంటారు, పిల్లలకి సెలవు దొరక్క ఒంటరిగా రైలెక్కిస్తున్నారు. వాళ్ళు భయపడుతున్నామని నోరు విప్పి చెప్పరు, పిల్లలు బాధపడతారని. సంబరాల్లో చీరల స్టాల్ ఉంటుంది, పచ్చళ్ళ స్టాల్ ఉంటుంది, ఈ ప్రయాణాల కోసం కూడా ఒక టేబుల్ వేద్దాం. టికెట్ చూసి గ్యాప్ సరిపోతుందో లేదో చెప్పడానికి, స్టేషన్ పేర్లు పెద్ద అక్షరాలతో తెలుగులోనూ అక్కడి భాషలోనూ రాసివ్వడానికి ఇద్దరు మనుషులు చాలు. ఒకరిగా నేను కూర్చుంటా. వచ్చే సంక్రాంతికి వచ్చేటప్పుడు టికెట్ ప్రింట్ తీసి తెచ్చుకోండి, పెన్నూ కాగితాలూ నేను తెస్తా.