కేస్ సెన్సిటివిటీ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ కేస్ సెన్సిటివిటీ గారి సముఖమునకు, విజయనగరం గంటస్తంభం దగ్గరి ఓ ఫ్లెక్సీ షాపు నుంచి రాయునది.

అయ్యా, ఫైలు పేర్లలో ఇంగ్లీషు పెద్ద అక్షరాన్నీ చిన్న అక్షరాన్నీ వేరుగా చూసే పట్టింపు తమరిది. మా సర్వర్‌లో లినక్స్ డిస్కు మీద తమరు ఎంత నిక్కచ్చిగా ఉంటారో తెలుసు. పెద్ద ఎస్‌తో మొదలయ్యే ‘సిరిమాను’ వేరు, చిన్న ఎస్‌తో మొదలయ్యేది వేరు. బాగుంది. అదే ఫోల్డర్‌ని సాంబా అనే ఫైళ్లు పంచే సాఫ్ట్‌వేర్ ద్వారా విండోస్‌కి చూపించేటప్పుడు మాత్రం "అబ్బే, రెండూ ఒకటేనండీ" అనిపిస్తారు. ఇంట్లో ఒక మాట, వీధిలో ఒక మాట.

దసరా వెళ్లిన మంగళవారం పైడితల్లమ్మ సిరిమాను జాతర. ముందురోజు తొలేళ్లనాటికే మూడు లాంతర్ల దగ్గర ఫ్లెక్సీలు లేచిపోవాలి. మూలనున్న ఉబుంటు సిస్టమ్ సాంబా గుమ్మం తొక్కదు, లినక్స్ సిస్టమ్‌లు ఫైళ్లు పంచుకునే ఎన్‌ఎఫ్‌ఎస్ దారిన నేరుగా లోపలికి పోతుంది. అక్కడి డిజైనర్ నాయకుడి ఫొటో మార్చి, చిన్న ఎస్‌తో సేవ్ చేశాడు. పాత నాయకుడు పెద్ద ఎస్‌తో పక్కనే ఉన్నాడు. విండోస్‌లో కుర్రాడు రెండిటినీ పెన్‌డ్రైవ్‌లోకి లాగితే, ఈ పేరుతో ఫైలు ఇప్పటికే ఉంది, దాని స్థానంలో ఇది పెట్టమంటారా అని అడిగింది. పెట్టమన్నాడు. ఎన్నికల్లో ఓడిన పెద్దమనిషి నిండు నవ్వుతో ఫ్లెక్సీ మీద వెలిశాడు! "ఏటిరా బాబూ, రెండూ ఒకటే అన్నావు కదేటి?" అని ఓనరు అడిగితే వాడేం చెబుతాడు?

తమరి ఇంకో ఘనత. కొత్త పేరుతో ఫైలు పెట్టబోతే, ఆ పేరు ఏ రూపంలోనూ లేదని తేల్చడానికి సాంబా ఫోల్డర్ మొత్తం చదవాలి. పిల్లాడు జాతరలో లేడని చెప్పడానికి జనమందరి మొహాలూ చూసొచ్చినట్టు. మా శుభలేఖల ఫోల్డర్‌లో ఫైళ్లు వేలల్లో ఉంటాయి. మాఘమాసం ముహూర్తాల్లో సేవ్ నొక్కి, టీ తాగొచ్చేయొచ్చు.

తమరి భక్తుల సంగతి మరీ విడ్డూరం. ఎన్నడూ పట్టించుకోని విండోస్ 10, ఫోల్డర్ వారీగా తమరి పట్టింపు పెట్టుకునే వీలు 2018లో ఇచ్చింది. మరుసటేడే లినక్స్ మూల ప్రోగ్రామ్ అయిన కెర్నెల్ 5.2, ఎక్స్‌టీ4 అనే డిస్కు పద్ధతిలోని ఫోల్డర్లలో ఆ పట్టింపు మానుకునే వీలిచ్చింది. ఒకరు మడి కట్టేవేళకి రెండోవారు విప్పేశారు.

మా కుర్రాడు ఇప్పుడు ఫైళ్ల పేర్లు తెలుగులోనే పెడుతున్నాడు. మా లిపిలో పెద్ద అక్షరాలూ లేవు, చిన్న అక్షరాలూ లేవు. పైడితల్లి కలిపి రాయాలా, విడదీయాలా అన్న పేచీ ఉంది గానీ, అది ఓనరూ డిజైనరూ చూసుకుంటారు. తమరిక దయచేయవచ్చు.