మౌంటింగ్ గట్టిపడితే మానిఫోల్డ్ పగలదా?

"రబ్బరు మౌంటింగులు పీకేసి పాలీయురేథేన్‌వి వేయించండి. ఇంజిన్ ఊగదు. ఇంజిన్ ఊగకపోతే మానిఫోల్డ్ జన్మలో పగలదు. బెజవాడ ఎండలకి కంపెనీ రబ్బరు నిలవదు. రేసు కార్లన్నీ వాడేది గట్టి మౌంటింగులే." కార్లు మాడిఫై చేయించుకునే కుర్రాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. మౌంటింగ్ అంటే ఇంజిన్‌ను బాడీకి పట్టి ఉంచే దిమ్మ. మానిఫోల్డ్ అంటే సిలిండర్ల నుంచి వచ్చే పొగను ఒక పైపులోకి చేర్చే ఎగ్జాస్ట్ భాగం. మెసేజ్ నమ్మి ఆటోనగర్‌లో వేలకు వేలు పోస్తున్నారు. మౌంటింగ్ మారుతోంది, మానిఫోల్డ్ మాత్రం మళ్లీ పగులుతోంది. ఆ డబ్బు గోడకు కొట్టిన సున్నమే అవుతోంది కాబట్టి, మెసేజ్‌లోని ఒక్కో మాటా విప్పి చూద్దాం.

ఇంజిన్ ఊగడం వల్లే మానిఫోల్డ్ పగులుతుందన్నది మొదటి మాట. మానిఫోల్డ్ బిగించి ఉండేది ఇంజిన్ హెడ్‌కి, కారు బాడీకి కాదు. ఇంజిన్ ఎటు ఊగితే అదీ అటే పోతుంది. అసలు లాగులాట ఉండేది దాని కింద. మానిఫోల్డ్ నుంచి కిందికి దిగే డౌన్‌పైపు పై కొస ఇంజిన్‌తో పాటు కదులుతుంది, వెనకున్న సైలెన్సర్ రబ్బరు హ్యాంగర్ల మీద బాడీకి వేలాడుతుంది. ఈ రెంటికీ మధ్య తేడాను భరించడానికే కంపెనీ అక్కడ ఫ్లెక్స్ పైపు పెడుతుంది. పైన ఉక్కు తీగల అల్లిక కనిపించే ముక్క అదే. చాలా మాడిఫైడ్ కార్లలో "సౌండ్ బాగుంటుంది, ఖర్చు తగ్గుతుంది" అని దాన్ని కోసేసి నేరుగా పైపు వెల్డ్ చేస్తున్నారు. అప్పుడు గేరు మార్చినప్పుడల్లా ఆ వంపు బలం మానిఫోల్డ్ ఫ్లాంజ్ (బోల్టులు బిగించే అంచు) మీదికే వస్తుంది. ఇలాంటి కారుకి గట్టి మౌంటింగ్ వేస్తే ఊపు తగ్గి కొంత మేలు జరిగే మాట నిజం. కానీ అది కోసేసిన ఫ్లెక్స్ పైపు లోటును కప్పిపుచ్చడమే. ఆ ముక్కను తిరిగి పెట్టిస్తే పని తేలిగ్గా అవుతుంది.

ఇక అసలు కారణం. మెసేజ్‌లో దాని ఊసే లేదు. అది వేడి. ఎండ వేడి కాదు, ఎగ్జాస్ట్ వేడి. టర్బో పెట్రోలు ఇంజిన్‌ను గట్టిగా తొక్కితే ఎగ్జాస్ట్ గ్యాస్ 900 డిగ్రీలు దాటుతుంది. 40 సెంటీమీటర్ల పోత ఇనుము మానిఫోల్డ్ 600 డిగ్రీల మేర వేడెక్కితే దాదాపు 3 మిల్లీమీటర్లు సాగుతుంది. అదే పొడవున్న స్టెయిన్‌లెస్ స్టీల్ హెడర్ (పైపులు వెల్డ్ చేసి తయారుచేసే మానిఫోల్డ్) అయితే 4 మిల్లీమీటర్లు దాటుతుంది. దాన్ని పట్టుకున్న అల్యూమినియం హెడ్ లోపల కూలెంట్ తిరుగుతుంది కాబట్టి ఒక మిల్లీమీటర్ కూడా సాగదు. మిగతా తేడా ఎక్కడికి పోవాలి? హెడ్‌కీ దానికీ మధ్యనున్న ప్యాకింగ్ మీద మానిఫోల్డ్ జారాలి. కంపెనీ మానిఫోల్డ్ విప్పి బల్ల మీద పెట్టి చూడండి: కొసల్లో ఉన్న స్టడ్ (హెడ్‌కి బిగించే బోల్టు) రంధ్రాలు మధ్యవాటి కన్నా వదులుగా గానీ, కోలగా గానీ ఉంటాయి. చాలాకాలం నడిచిన వాటిలో జారిన చోట అంచు నునుపుగా మెరుస్తుంది కూడా. లోకల్‌గా చేయించిన హెడర్‌లో అన్నీ ఒకే కొలత రంధ్రాలు వేసి, లీకు భయంతో స్టడ్లను శక్తి కొద్దీ బిగిస్తే జారే దారి మూసుకుపోతుంది. వేడెక్కిన ప్రతిసారీ లోహం నలుగుతుంది, చల్లారిన ప్రతిసారీ లాగబడుతుంది. చివరికి కొస స్టడ్ తెగుతుంది, లేదా రెండు పైపులు కలిసే వెల్డ్ పక్కన సన్నని పగులు పడి చుట్టూ మసి చారిక కనిపిస్తుంది. పొద్దున్న స్టార్ట్ చేయగానే టిక్ టిక్ అని, వేడెక్కాక ఆగిపోతే ముందు ఈ పగులునే అనుమానించండి. లోహం సాగి సందు మూసుకుంటుంది, అందుకే శబ్దం ఆగుతుంది. దీంట్లో మౌంటింగ్ చేసేదేమీ లేదు.

గట్టి మౌంటింగ్ వేస్తే మానిఫోల్డ్‌కి వణుకు తగ్గుతుందని కూడా అంటున్నారు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో క్రాంక్ ఒక చుట్టు తిరిగితే రెండుసార్లు వణుకు పుడుతుంది. 6000 ఆర్‌పీఎంలో అది సెకనుకు 200 సార్లు. అంత వేగమైన వణుకులో ఇంజిన్ ఎంత కదలాలో నిర్ణయించేది దాని బరువే, కింద ఉన్నది రబ్బరా పాలీనా అన్నది దాదాపు లెక్కలోకి రాదు. మానిఫోల్డ్‌కి వేలాడే టర్బో బరువు ఎప్పటిలాగే ఊపుతూ ఉంటుంది. దానికి కావలసింది ఇంజిన్ బ్లాక్ నుంచి ఆసరా ఇచ్చే బ్రాకెట్, అదీ మానిఫోల్డ్ సాగడానికి చోటు వదిలేలా. మౌంటింగ్ మార్చిన తేడా తెలిసేది క్లచ్ వదిలినప్పుడు, ఐడిల్‌లో. గట్టి మౌంటింగ్ వేసిన మూడు సిలిండర్ల కారు ఏసీ వేసుకుని బెంజ్ సర్కిల్ సిగ్నల్‌లో నిలబడితే స్టీరింగ్, డాష్‌బోర్డ్, సీటు అన్నీ వణుకుతాయి.

బెజవాడ ఎండల మాటకొస్తే, 25 డిగ్రీల రోజుకీ 45 డిగ్రీల రోజుకీ తేడా 20. వందల డిగ్రీల్లో కాలే మానిఫోల్డ్‌కి అదొక లెక్క కాదు. మౌంటింగ్ రబ్బరును కాల్చేది పక్కనున్న ఎగ్జాస్ట్, అందులోనూ హీట్ షీల్డ్ తీసేసిన కార్లలో. పాలీయురేథేన్‌కి కూడా అంత వేడి గిట్టదు. రబ్బరు చిరిగిపోయి ఉంటే తప్పకుండా మార్చండి, కంపెనీదే వేయించండి.

చివరిది రేసు కార్లు. వాటి మౌంటింగులు గట్టివే, ఒప్పుకుంటాను. కానీ వాటిలో చాలా కార్ల హెడర్ పైపులను, అవన్నీ కలిసే కలెక్టర్ దగ్గర వెల్డ్ చేసి మూసేయరు, ఒకదాంట్లో ఒకటి దూర్చి స్ప్రింగులతో పట్టి ఉంచుతారు, సాగినప్పుడు జారడానికి. పగుళ్ల కోసం రేసు రేసుకీ విప్పి చూసుకుంటారు. మీ కారు హెడర్ చేయించే ముందు ఫ్యాబ్రికేటర్‌ని ఈ మూడూ అడగండి: పైపు ఎక్కడ జారుతుంది, కొస రంధ్రాలు ఎంత వదులు ఇస్తున్నావు, ఫ్లెక్స్ పైపు ఎక్కడ పెడుతున్నావు.