ఊరందరి డాలరు ఎవరి జేబుకి?

అమెరికాలో మార్చి, ఏప్రిల్ వచ్చాయంటే పన్నెండో తరగతి చదివే పిల్లలున్న ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. సీటు వచ్చిందన్న కబురు ముందొస్తుంది, ఏడాదికి ఎంత కట్టాలో చెప్పే కాగితం వెనకాలే వస్తుంది. చదువు సాగుతుందా లేదా అన్నది తేల్చేది ఈ రెండో కాగితమే. తల్లి హోటల్ గదులు శుభ్రం చేస్తూ, తండ్రి ఇళ్లకు కప్పులు వేస్తూ బతికే లాటినో (లాటిన్ అమెరికా మూలాలున్న) కుటుంబమైతే, శాన్ ఆంటోనియోలోనైనా తూర్పు లాస్ ఏంజెలిస్‌లోనైనా, ఆ కాగితాన్ని స్పానిష్‌లో విడమరిచి చెప్పాల్సింది కూడా సీటొచ్చిన పిల్లే. అలాంటి చాలా ఇళ్లలో అంతకుముందు కాలేజీ మెట్లెక్కినవాళ్లు ఉండరు.

ఆ కాగితంలో లెక్క ఎలా ఉంటుందో చూద్దాం. ఫీజు, గది అద్దె, తిండి, పుస్తకాలు అన్నీ కలిపి ఏడాదికి 25,000 డాలర్లు అనుకుందాం. ఫెడరల్ ప్రభుత్వం పేద విద్యార్థులకిచ్చే పెల్ గ్రాంటు ఎంత ఎక్కువ వచ్చినా 7,395 డాలర్లు దాటదు. రాష్ట్రం ఇచ్చేది, కాలేజీ తన నిధుల్లోంచి ఇచ్చేది కలిసి ఇంకో 12,000 అనుకున్నా 5,600 పైచిలుకు మిగిలిపోతుంది. అప్పు చేయాలి, లేదంటే చదువుతూనే వారానికి ఇరవై, పాతిక గంటలు పని చేయాలి. లాటినో సంఘాలిచ్చే స్కాలర్‌షిప్పులు అక్కరకొచ్చేది సరిగ్గా ఈ ఖాళీలోనే. ఐదొందలు, వెయ్యి, రెండు వేల డాలర్లు. మొత్తం ఖర్చు పక్కన పెడితే చిన్న మొత్తాలే. కానీ హాస్టల్ అడ్వాన్సుకో, ల్యాప్‌టాప్‌కో, మొదటి సెమిస్టర్ పుస్తకాలకో చేతిలో డబ్బు లేక, సీటొచ్చి కూడా ఆగస్టులో క్లాసుకు రాకుండా ఆగిపోయే పిల్లలు ఏటా ఉంటున్నారు.

చిన్న సాయం సమయానికి అందితే ఎంత పని చేస్తుందో అట్లాంటాలోని జార్జియా స్టేట్ యూనివర్సిటీ చూపించింది. బకాయి కట్టలేక పేరు కొట్టేయించుకోబోయే విద్యార్థులను గుర్తించి, వాళ్లు అడగకముందే ఖాతాలో కొంత డబ్బు వేసే పద్ధతిని అది 2011లో మొదలుపెట్టింది. ఒక్కొక్కరికి ఇచ్చేది సగటున 900 డాలర్లు. డిగ్రీకి దగ్గరపడి, కేవలం ఆ కాస్త బాకీ కోసం చదువు వదిలేయాల్సిన స్థితిలో ఉన్నవాళ్లను అది నిలబెట్టింది. అది అందరు విద్యార్థుల కోసం యూనివర్సిటీ చేసిన పని. లాటినో పేటల్లోని సంఘాలు అంతకు చాలా ముందు నుంచీ, అలాంటి లెక్కలేవీ చేతిలో లేకుండానే, అదే పని చేస్తూ వచ్చాయి.

ఈ సంఘాల చరిత్ర చాలా పాతది. లులాక్ అని పిలుచుకునే లాటిన్ అమెరికన్ పౌరుల సమితి 1929లో టెక్సస్‌లోని కార్పస్ క్రిస్టిలో పుట్టింది. మెక్సికన్ పిల్లలను వేరే బడుల్లో, వేరే గదుల్లో కూర్చోబెట్టే కాలమది. 1957లో హూస్టన్‌లో రెస్టారెంట్లు నడుపుకునే ఫెలిక్స్ తిహెరీనా అనే లులాక్ నాయకుడు సొంత డబ్బు పెట్టి ఒక పథకం మొదలుపెట్టాడు. స్పానిష్ తప్ప మరో మాట రాని పసిపిల్లలకు, ఒకటో తరగతిలో చేరేలోగా 400 ఇంగ్లిష్ మాటలు నేర్పడం, అంతే. రెండేళ్లు తిరక్కుండానే టెక్సస్ శాసనసభ దాన్ని చట్టం చేసి ప్రభుత్వ ఖర్చుతో నడపడానికి ఒప్పుకుంది. సంఘం దారి చూపిస్తే ప్రభుత్వం దాన్ని భుజానికెత్తుకుంది. నేటి పాలకులు నేర్చుకోవాల్సింది ఇదే. అయితే వాళ్ల నడక ఇప్పుడు సరిగ్గా దీనికి ఎదురు దిశలో సాగుతోంది.

తర్వాత ఆ వరస పెరిగింది. 1975లో హిస్పానిక్ స్కాలర్‌షిప్ ఫండ్ వచ్చింది (లాటినోలనే హిస్పానిక్‌లనీ అంటారు). లులాక్ స్థానిక శాఖలు పోగుచేసిన డబ్బుకు పెద్ద కంపెనీల విరాళాలు జతచేసే పద్ధతి వచ్చింది. 1985లో టెక్సస్‌లోని ఎల్ పాసోలో మెక్‌డొనాల్డ్స్ దుకాణాలు నడిపే రిచర్డ్ కాస్ట్రో చొరవతో హాసెర్ స్కాలర్‌షిప్ మొదలైంది. లాస్ ఏంజెలిస్‌లోని జకటేకాస్ ప్రాంతీయుల సంఘాల సమాఖ్య ఒకపక్క మెక్సికోలోని సొంతూళ్లకు రోడ్లు, మంచినీళ్ల కోసం డబ్బు పంపుతూనే, మరోపక్క ఇక్కడి పిల్లల కాలేజీ చదువుకీ సాయం చేస్తోంది. ఈ రెండో సగం మన తెలుగు సంఘాలు కాస్త గమనించాల్సింది. 1977లో ఏర్పడిన తానా సహా మనవాళ్ల సంస్థలు సొంతూళ్ల పిల్లలకు స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాయి, సంతోషమే. అమెరికాలోనే ఇబ్బంది పడుతున్న పిల్లల సంగతికి కింద వస్తాం.

పెద్ద ఫండ్ల పేర్లు పేపర్లకెక్కుతాయి. అసలు కష్టమంతా చిన్న శాఖలది. చర్చి హాల్లో ఆదివారం పొద్దున్నే అమ్మలు, అమ్మమ్మలు బల్లల చుట్టూ చేరతారు. నానబెట్టిన మొక్కజొన్న పొత్తుల పొరల్లో పిండి, కూర పెట్టి చుట్టి తమాలేలు ఆవిరికెక్కిస్తారు. కోనసీమలో పనసాకు బుట్టల్లో పొట్టిక్కలు పెట్టినట్టే ఉంటుంది చూడటానికి. డజను ఇంతని అమ్మగా వచ్చిన డబ్బు, మేలో ముగ్గురు నలుగురు పిల్లల పేర్లమీద చెక్కులవుతుంది. చెక్కు ఇచ్చేవాళ్లకు ఆ పిల్లల అమ్మానాన్నలు తెలుసు. ఫారం నింపడం రాకపోతే పక్కన కూర్చుని నింపిస్తారు. ఏ ఫెడరల్ దరఖాస్తు దగ్గరా ఈ సదుపాయం దొరకదు. ఆర్థిక సాయం కోసం అందరూ నింపాల్సిన ఫాఫ్సా ఫారాన్ని సులువు చేస్తామంటూ కొత్తగా తెచ్చి, ఏటా అక్టోబరులో మొదలుకావాల్సినదాన్ని 2023 డిసెంబరు ఆఖరుకు గానీ తెరవలేదు. తెరిచాకైనా, సోషల్ సెక్యూరిటీ నంబరు లేని తల్లిదండ్రులున్న పిల్లలు వారాల తరబడి దాన్ని పూర్తిచేయలేక అల్లాడారు. వాళ్లలో అమెరికాలోనే పుట్టిన, అన్ని హక్కులూ ఉన్న పిల్లలు ఎందరో.

ఇంత కష్టపడి పోగుచేసిన ఆ చెక్కు చివరికి ఎవరికి చేరుతోంది? మేము ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇదే. పైన చెప్పిన లెక్కలో మన అమ్మాయికి సంఘం 1,500 డాలర్లు ఇచ్చిందనుకోండి. ఆ సంగతి తెలియగానే తన గ్రాంటులో 1,500 కోసేసే కాలేజీలు అక్కడ తక్కువేం కాదు. అమ్మాయి కట్టాల్సిన 5,600లో ఒక్క డాలరు తగ్గదు. తమాలేలు అమ్మిన డబ్బు కాలేజీ బడ్జెట్‌లో కలిసిపోతుంది. అవసరానికి మించి సాయం అందకూడదన్న ఫెడరల్ నిబంధనను దీనికి సాకుగా చూపిస్తారు. నిబంధన సబబే, కానీ ఇక్కడ అవసరం ఇంకా తీరనే లేదు కదా! కనీసం అప్పు వాటాని తగ్గించినా అర్థముండేది. మేరీల్యాండ్ 2017లో తన ప్రభుత్వ కాలేజీల్లో ఈ కోతను కట్టడి చేసింది, ఆ పని చేసిన మొదటి రాష్ట్రం అదే. కాలిఫోర్నియా 2022లో చట్టం చేసి, పెల్ గ్రాంటుకు అర్హులైనవాళ్లకీ రాష్ట్ర డ్రీమ్ చట్టం కింద సాయం పొందేవాళ్లకీ (వలస పత్రాలు లేని విద్యార్థుల కోసం తెచ్చిన చట్టమది) రక్షణ ఇచ్చింది. మరికొన్ని రాష్ట్రాలు అదే దారి పట్టాయి. మిగతా రాష్ట్రాలు ఇంకా ఎందుకు నాన్చుతున్నాయో అర్థం కాదు. దీనికి ఖజానాలోంచి పైసా తీయనక్కర్లేదు.

కోర్టుల వైపు నుంచి ఇంకో దెబ్బ పడుతోంది. కాలేజీ ప్రవేశాల్లో జాతిని లెక్కలోకి తీసుకోకూడదని 2023 జూన్‌లో సుప్రీంకోర్టు తీర్పునిచ్చాక, ఆ కేసు నడిపిన ఎడ్వర్డ్ బ్లమ్ ప్రైవేటు స్కాలర్‌షిప్పుల మీదికి మళ్లాడు. 2025 జనవరిలో ఆయన నాయకత్వంలోని సంస్థ, మెక్‌డొనాల్డ్స్ కంపెనీ నడిపే హాసెర్ స్కాలర్‌షిప్ మీద దావా వేసింది. తల్లిదండ్రుల్లో ఒకరైనా లాటినో అయ్యుండాలన్న షరతు వివక్ష అన్నది వాదన. దానికి ఆధారంగా చూపించింది 1866 నాటి పౌరహక్కుల చట్టాన్ని. బానిసత్వం నుంచి అప్పుడే బయటపడ్డ నల్లవారి కోసం తెచ్చిన చట్టమది! మెక్‌డొనాల్డ్స్ కేసు సాగదీయకుండా రోజుల్లోనే రాజీకొచ్చింది. పుట్టుక షరతు తీసేసి, లాటినో సమాజానికి ఏం చేశారో, ఎలా తోడ్పడ్డారో చెప్పమంది. నిజానికి ఈ మార్పుతో మాకు పెద్దగా పేచీ లేదు. వీధిలో ముసలివాళ్లకు ఆసుపత్రిలో స్పానిష్‌లో సాయపడ్డ పిల్ల ఏ ఇంట్లో పుట్టినా అర్హురాలే. కానీ కార్పొరేట్ కంపెనీకి లాయర్లున్నారు. చర్చి హాల్లో తమాలేలు చుట్టే శాఖకు ఎవరున్నారు? ఒక్క నోటీసు వస్తే చాలు, అది స్కాలర్‌షిప్పే మానుకుంటుంది.

ఇవన్నీ వ్యర్థ ప్రయాసలు కావని గణాంకాలు చెబుతాయి. 18 నుంచి 24 ఏళ్ల హిస్పానిక్ యువతలో హైస్కూలు పూర్తిచేయకుండా మానేసినవాళ్లు 1996లో 34 శాతం ఉండగా 2016 నాటికి 10 శాతానికి తగ్గారు. కాలేజీల్లో చదివే హిస్పానిక్ విద్యార్థులు 2000లో 15 లక్షలైతే 2019లో 38 లక్షలు. అయినా 25-29 ఏళ్లవాళ్లలో డిగ్రీ చేతికొచ్చినవాళ్లు 2021లో 23 శాతమే. తెల్లవారిలో అది 45 శాతం. చేరడం సులువైంది, పూర్తిచేయడమే కష్టంగా ఉంది. ప్యూ పరిశోధనా సంస్థ డిగ్రీ లేని లాటినోలను కారణం అడిగితే పదిమందిలో సుమారు ఏడుగురు చెప్పింది, ఇంటిని పోషించడానికి పని చేయాల్సి వచ్చిందని. డబ్బు చాల్లేదన్నవాళ్లూ దాదాపు అంతమందే.

మన పిల్లలకు దీంతో పనేముంది అనుకోనక్కర్లేదు. విద్యార్థుల్లో నాలుగో వంతు హిస్పానిక్‌లైతే ఆ కాలేజీకి ఫెడరల్ ప్రభుత్వం ప్రత్యేక నిధులిచ్చే ఏర్పాటు 1990ల నుంచీ ఉంది. తెలుగు విద్యార్థులకు బాగా తెలిసిన శాన్ హోసే స్టేట్, టెక్సస్ ఏ అండ్ ఎమ్ కింగ్స్‌విల్ ఆ జాబితాలోవే. ఆ డబ్బుతో వచ్చే ల్యాబులు, ట్యూటరింగ్ కేంద్రాలు లాటినోలకు మాత్రమే కాదు, క్యాంపస్‌లో ఉన్న అందరివీ. 2025 సెప్టెంబరులో ఫెడరల్ విద్యాశాఖ ఇలాంటి మైనారిటీ కాలేజీల గ్రాంట్లలో సుమారు 35 కోట్ల డాలర్లు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. దెబ్బ లాటినోలతోనే ఆగదు.

ఇంకో సంగతి, ఇందాక కిందకి వాయిదా వేసింది. తల్లిదండ్రుల హెచ్-1బి మీద పసితనంలో వెళ్లి అక్కడే పెరిగిన తెలుగు పిల్లలు, గ్రీన్‌కార్డు రాకముందే 21 ఏళ్లు నిండితే, తల్లిదండ్రుల మీద ఆధారపడ్డవాళ్లకిచ్చే హెచ్-4 వీసా పోగొట్టుకుంటారు. పెల్ గ్రాంటు వాళ్లకు రాదు. పసితనంలో వచ్చి పత్రాలు లేకుండా ఉండిపోయినవాళ్లను దేశం నుంచి పంపేయకుండా ఆపే డాకా రక్షణ కూడా, చట్టబద్ధంగా ఉన్నారు కాబట్టి, వీళ్లకు లేదు. పద్ధతిగా వెళ్లినవాళ్లకు దొరికిన ఫలితం ఇది. పేర్లు వేరు, వీసాలు వేరు, కానీ మార్చిలో వచ్చే ఆ కాగితం ముందు ఈ పిల్లా లాటినో పిల్లా ఒకే లెక్క వేసుకుంటున్నారు. మన సంఘాల సభల ఖర్చులో కొంత వీళ్లవైపు మళ్లించడానికి అడ్డేమిటి?

ఇక టెక్సస్. వలస పత్రాలు లేకపోయినా రాష్ట్రంలో హైస్కూలు చదివిన పిల్లలకు స్థానికుల ఫీజే వసూలు చేయాలని 2001లో దేశంలో మొదట చట్టం తెచ్చింది ఆ రాష్ట్రమే. సంతకం పెట్టింది రిపబ్లికన్ గవర్నర్ రిక్ పెర్రీ. పదేళ్ల తర్వాత అధ్యక్ష పదవికి పోటీపడుతూ, ఈ పిల్లలకు చదువు వద్దనేవాళ్లకు గుండె లేనట్టేనని చర్చావేదిక మీదే అన్నాడాయన, ఆ మాటకు సొంత పార్టీలో చీవాట్లు తిన్నాడు. 2025 జూన్ 4న ఫెడరల్ ప్రభుత్వం ఆ చట్టం మీద కోర్టుకెళ్లింది. కాపాడాల్సిన రాష్ట్ర ప్రభుత్వం అదే రోజు సరేనంది. సాయంత్రానికల్లా చట్టం చెల్లదని జడ్జి తేల్చేశారు. ఇరవై నాలుగేళ్ల చట్టం ఒక్క పూటలో పోయింది. స్థానికులు కానివాళ్ల ఫీజు రెండు మూడు రెట్లుంటుంది. టెక్సస్ శాసనసభ రెండేళ్లకోసారే కూర్చుంటుంది, తర్వాతి రెగ్యులర్ సమావేశాలు 2027 జనవరిలో. అప్పుడైనా అది ఈ చట్టాన్ని మళ్లీ చేతికి తీసుకోవాలి. ఈలోగా చదువు మధ్యలో ఉన్నవాళ్లకు ఏడాదికి వేల డాలర్ల తేడా పడుతోంది. వెయ్యి డాలర్ల చెక్కులతో దాన్ని పూడ్చమని లులాక్ శాఖలను అడగడం న్యాయం కాదు.